యుద్ధం మీద రాస్తూ నవ్వించడం ఏమిటి?

జోసెఫ్ హెల్లర్ రాసిన యుద్ధ నవల ‘క్యాచ్-22’ సగం చదివి చిరాకుపడి ఆపేశానన్నారు మీరు. మనుషులు చచ్చిపోతుంటే వేళాకోళం ఎలా తోచిందని అడిగారు. నేనూ మొదటిసారి అలాగే ఆపేశాను. హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో పాత పుస్తకాల బండి మీద కొన్న ప్రతి, దానికి అట్ట కూడా లేదు. మళ్లీ తీసింది మా మేనమామ వల్ల.

ఆయన 1971 యుద్ధంలో లారీ నడిపాడు. సెలవు మీద కాజీపేట జంక్షన్‌లో దిగి, పరకాల దగ్గర మా ఊరికి వచ్చినప్పుడల్లా ఒకటే కథ. ఆయన అన్నం కంచం పోయింది. ఎలా పోయిందో రాసివ్వమన్నాడు గుమాస్తా. ‘శత్రువుల గుండు పడి’ అని రాశాడు. ‘గుండు పడినప్పుడు కంచం నీ దగ్గర ఎందుకు లేదు?’ అంటూ కాగితం తిరిగొచ్చింది. చివరికి కంచం ఖరీదు జీతంలో కోసుకున్నారు. గుమాస్తా గొంతుతో మామ ఆ కథ చెబుతుంటే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్లం.

అమ్మమ్మ దశదిన కర్మ నాటి రాత్రి మాటవరసకు నేనే అడిగాను, “ఇంతకీ కంచం నీ దగ్గర ఎందుకు లేదు మామా?” అని.

“పక్కవాడి కంచానికి చిల్లు పడింది. నాది పట్టుకుని అన్నానికి వెళ్లాడు,” అన్నాడు. వాడి పేరు చెప్పలేదు.

హెల్లర్ కూడా కథ అలాగే చెప్పాడు. ఆయన దూరం నుంచి చూసి రాసిన మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కోర్సికా దీవి నుంచి బి-25 విమానాల్లో 60 సార్లు వెళ్లి బాంబులు వేసి వచ్చాడు. నవల 1961లో గానీ రాలేదు. అందులో స్నోడెన్ అనే గన్నర్ చావు మొదటి నుంచీ తొంగి చూస్తూనే ఉంటుంది. ఒకచోట ఒక వాక్యం, ఇంకోచోట నాలుగు. మొత్తం 42 అధ్యాయాల్లో 41వ దాంట్లో గానీ పూర్తిగా చెప్పడు.

మైలో గుర్తున్నాడు కదా, భోజనాలు చూసే అధికారి? ఏడు సెంట్లకు కొన్న గుడ్డును ఐదు సెంట్లకు అమ్మి లాభం తీసే ఘనుడు. సగంలో ఆపేశానన్నారు కాబట్టి మీరు ఆ గుడ్ల బేరం చుట్టుపక్కలే ఆగి ఉంటారు. అక్కడ నాకూ నవ్వొచ్చింది. తీరా స్నోడెన్ నెత్తుటి మడుగులో పడి ఉన్నప్పుడు కథానాయకుడు యొస్సారియన్ మందుల పెట్టె తెరిస్తే నొప్పి తగ్గించే మార్ఫిన్ లేదు. మైలో అమ్ముకోవడానికి పట్టుకుపోయాడు. తన వ్యాపార కంపెనీకి మేలైతే దేశానికీ మేలేనని చీటీ పెట్టి వెళ్లాడు. ఆ రాత్రి లేచి వెనక్కి తిప్పి గుడ్ల లెక్కలన్నీ మళ్లీ చదివాను. ఒక్కదానికీ నవ్వు రాలేదు.

యొస్సారియన్ తొడ గాయానికి ఎంతో నేర్పుగా కట్టు కడతాడు. అసలు గాయం కవచం కింద ఉంది. స్నోడెన్ మాత్రం చలిగా ఉందనే అంటుంటాడు. ఇంతకంటే చెప్పను.

లోపాలు లేవని కాదు. ఆడపాత్రల మీద ఆయన చూపు నాకు నచ్చలేదు, నడుమ కొన్ని అధ్యాయాలు మరీ సాగదీసినట్టు ఉన్నాయి. అయినా దాటేయకండి. ఆగిన చోట నుంచే మొదలుపెట్టండి. మైలో ఎక్కడెక్కడ ఏమేం తీసుకెళుతున్నాడో మాత్రం లెక్క పెట్టుకోండి.