హోసే ఫెర్నాండెజ్‌ను మయామీ జనం ఇంకా ఎందుకు తలుచుకుంటారు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. గట్టిగా నాలుగు సీజన్లు కూడా ఆడని ఒక బేస్‌బాల్ కుర్రాణ్ణి మయామీ వాళ్లు ఇన్నేళ్ల తర్వాత కూడా అంతగా ఎందుకు తలుచుకుంటారన్నది ఒకటి. తాగి పడవ నడిపి, తనతోపాటు ఇంకో ఇద్దరి చావుకు కారణమైనవాడి మీద అంత ప్రేమ న్యాయమేనా అన్నది రెండోది. అతను ఆడిన రోజుల్లో నేను మయామీలో ఉద్యోగం చేసేవాణ్ణి. నేను చూసిందీ, అక్కడివాళ్ల నోట విన్నదీ చెబుతాను.

క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి బేస్‌బాల్ నాకు మొదట్లో అసలు ఎక్కలేదు. మా ఆఫీసు టీమ్‌లో క్యూబా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. 1980లో మేరియల్ రేవు నుంచి పడవల్లో ఫ్లోరిడా చేరిన లక్షా పాతిక వేల మందిలో ఆయనా ఒకరు. ఆయన అప్పుడప్పుడు మధ్యాహ్నం కాఫీ దగ్గర "ఇవాళ హోసే డే" అనేవారు. అంతే, సాయంత్రం మీటింగులు ఏమున్నా ఆయన దొరికేవారు కాదు. స్టార్టింగ్ పిచర్, అంటే మ్యాచ్ మొదటినుంచీ బంతులు వేసేవాడు, ఐదు రోజులకోసారి మాత్రమే దిగుతాడు. అందుకే మయామీలో హోసే బంతి వేసే రోజుకు అలా ఒక పేరే పడిపోయింది. ఒకసారి ఆయనే నన్ను లాక్కుపోయారు, ఆ తర్వాత ఎవరూ లాగాల్సిన పని లేకపోయింది.

హోసే ఆడిన ఊరి టీమ్, మయామీ మార్లిన్స్, అప్పటి పరిస్థితి తెలిస్తే గానీ ఈ ప్రేమ అర్థం కాదు. లిటిల్ హవానాలో, పాత ఆరెంజ్ బౌల్ ఉన్న స్థలంలో 2012లో కొత్త స్టేడియం కట్టారు. ఖర్చులో ఎక్కువ భాగం జనం పన్నుల డబ్బే. తీరా మొదటి సీజన్ అయ్యీ అవగానే పేరున్న ఆటగాళ్లను మూటగట్టి టొరంటో టీమ్‌కు ఇచ్చేశారు. ఊరు మండిపడింది. 2013లో ఆ టీమ్ 100 మ్యాచ్‌లు ఓడింది. స్టేడియంలో మనుషులకంటే ఖాళీ సీట్లే ఎక్కువ. సరిగ్గా ఆ ఏడాది, 2013 ఏప్రిల్ 7న, ఇరవై ఏళ్ల హోసే న్యూయార్క్ మెట్స్ మీద మొదటి మ్యాచ్ ఆడాడు. బేస్‌బాల్ మ్యాచ్‌లో ఒక్కో టీమ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. అతను ఐదు ఇన్నింగ్స్‌లో ఎనిమిది మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో అవుట్ చేశాడు. సీజన్ ముగిసేసరికి 12 గెలుపులు, 2.19 ఈఆర్ఏ. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులు కాస్త దాటి ఇచ్చాడన్నమాట. నేషనల్ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది.

ఆటలో అతనికంటే గొప్ప పిచర్లు ఉండొచ్చు. అంత సంబరంగా ఆడినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. తన టీమ్‌వాడు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, ఆటగాళ్లు కూర్చునే డగౌట్ కంచె మీదకు ఎక్కి చిన్నపిల్లాడిలా గెంతేవాడు. కొలరాడో ఆటగాడు ట్రాయ్ టులోవిట్స్కీ ఒకసారి బంతిని నేరుగా అతని మీదికే బుల్లెట్‌లా కొట్టాడు. హోసే గ్లవ్ పెట్టి పట్టేసి, ఏమీ జరగనట్టు నవ్వుతూ నిలబడ్డాడు. కొట్టినవాడు నిలబడిపోయి "నిజంగా పట్టేశావా?" అని అడిగితే, అవునని నవ్వాడు. అవుటైనవాడికి కూడా నవ్వొచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అట్లాంటా మీద తన మొదటి హోమ్ రన్ కొట్టి, బంతి వైపు చూస్తూ నిలబడితే అవతలివాళ్లకు ఒళ్లు మండింది. రెండు టీములూ మైదానంలోకి వచ్చేశాయి. మ్యాచ్ తర్వాత అతను క్షమాపణ చెప్పాడు. మా పెద్దాయనకు అది నచ్చలేదు. "క్యూబాలో ఆట ఇలాగే ఆడతారు, దీనికి సారీ ఎందుకు?" అని వారం రోజులు గొణుగుతూనే ఉన్నారు.

ఇంత ప్రేమకు ఆట ఒక్కటే కారణం కాదు. అసలు కారణం సముద్రం అంటాను నేను.

హోసే 1992లో క్యూబాలోని సాంటా క్లారాలో పుట్టాడు. సవతి తండ్రి ముందే టాంపా చేరాడు. తల్లితో కలిసి పడవలో దేశం దాటాలని హోసే మూడుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాడు. పట్టుబడి, పసివయసులోనే జైల్లో గడిపాడు. నాలుగోసారి, 2008లో, పదిహేనేళ్ల వయసులో, అర్ధరాత్రి అలల్లో పడవ నుంచి ఎవరో నీళ్లలో పడిపోతే వెంటనే దూకేశాడు. ఎవరు పడ్డారో చూసుకోలేదు. దగ్గరికెళ్లాక తెలిసింది, ఆమె తన తల్లేనని. ఆమెను వీపున మోసుకుని పడవ దాకా ఈదాడు. మెక్సికో మీదుగా టెక్సాస్, అక్కణ్ణించి టాంపా. అక్కడ స్కూలు టీమ్‌లో ఆడాడు, టీములు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2011లో మార్లిన్స్ 14వ ఎంపికగా తీసుకుంది.

మయామీలో ఏ క్యూబా కుటుంబాన్ని కదిపినా ఇలాంటి పడవ కథ ఒకటి ఉంటుంది. దాటినవాళ్ల కథ, దాటలేకపోయినవాళ్ల కథ. అందుకే ఆ కుర్రాడు మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే మట్టిదిబ్బ) మీద నిలబడితే వాళ్లకు కనిపించేది మార్లిన్స్ పిచర్ ఒక్కడే కాదు, తమ ఇంటి పిల్లవాడు. 2013 సీజన్ తర్వాత సాంటా క్లారాలో ఉండిపోయిన వాళ్ల అమ్మమ్మను అతనికి తెలియకుండా అమెరికా రప్పించి ఎదురుగా నిలబెట్టారు. ఆ వీడియో మా ఆఫీసులో చూడనివాళ్లు లేరు. పెద్దాయన ముగ్గురు నలుగురికి బలవంతంగా చూపించారు కూడా. 2015 ఏప్రిల్‌లో హోసే అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు.

మధ్యలో 2014 మేలో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అయింది. చిరిగిన లిగమెంట్ స్థానంలో వేరే చోటి స్నాయువు పెట్టే సర్జరీ అది. కొందరు పిచర్లు దాని తర్వాత మునుపటిలా వేయలేరు. ఇతను ఏడాది దాటాక 2015 జూలైలో తిరిగి వచ్చి, 2016లో 182 ఇన్నింగ్స్‌లో 253 స్ట్రైకౌట్లు చేశాడు. సొంత మైదానంలో అతని మొత్తం లెక్క 29 గెలుపులు, 2 ఓటములు. అతను దిగుతున్నాడంటే గెలిచినట్టే అని టికెట్ కొనేవాళ్లం.

2016 సెప్టెంబర్ 20న వాషింగ్టన్ మీద ఎనిమిది ఇన్నింగ్స్ వేసి, ఒక్క పరుగూ ఇవ్వకుండా 12 స్ట్రైకౌట్లు చేశాడు. మార్లిన్స్ 1-0తో గెలిచింది. అదే అతని చివరి మ్యాచ్. ఆ వారమే తండ్రి కాబోతున్నానని చెప్పుకున్నాడు. ఆ తర్వాతి వంతు ఆదివారం, 25వ తేదీన రావాల్సింది. దాన్ని ఒకరోజు వాయిదా వేసి, సోమవారం మెట్స్ మ్యాచ్‌కు జరిపారు. శనివారం అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో, అతని పడవ మయామీ బీచ్ దగ్గర రేవు ముఖద్వారంలోని రాళ్లగట్టును గుద్దుకుని తలకిందులైంది. అతనూ, వెంట ఉన్న ఇద్దరు స్నేహితులూ చనిపోయారు. అతనికి 24 ఏళ్లు.

"ఆదివారం బంతి వేయాల్సి ఉంటే శనివారం రాత్రి ఇల్లు కదిలేవాడే కాదు" అనే మాట ఆ వారం ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. మా పెద్దాయన ఇప్పటికీ అదే అంటారు. మన ఊళ్లలో చావింటి అరుగు మీద కూర్చున్నవాళ్లు "ఆ బస్సు ఐదు నిమిషాలు లేటయ్యుంటే" అంటూ లెక్కలు వేస్తారు చూడండి, అచ్చం అలాగే.

ఆదివారం మ్యాచ్ రద్దు చేశారు. దాన్ని మళ్లీ ఆడలేదు. సోమవారం మ్యాచ్‌కు నేను వెళ్లాను. స్టేడియం బయట పూలు, కొవ్వొత్తులు, బంతులు, క్యూబా జెండాలు. స్తంభాల మీద జనం పెన్నులతో స్పానిష్‌లో రాస్తున్నారు. లోపల మార్లిన్స్ ఆటగాళ్లందరూ ఫెర్నాండెజ్ పేరూ, 16 నంబరూ ఉన్న జెర్సీలే వేసుకున్నారు. ప్రతి బాల్‌పార్క్‌లో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ హుషారుగా పాడే పాట ఒకటుంది. దాన్ని ఒకతను ట్రంపెట్ మీద బాగా నెమ్మదిగా వాయించాడు. ప్లేఆఫ్ స్థానం కోసం పోరాడుతున్న మెట్స్ ఆటగాళ్లు కూడా వచ్చి వీళ్లను కౌగిలించుకున్నారు.

మార్లిన్స్ తరఫున మొదట బ్యాటింగ్‌కు వచ్చింది డీ గోర్డన్. బక్కపలచటి మనిషి, పరుగే అతని బలం. ఎడమచేతి వాటం. కానీ హోసే హెల్మెట్ పెట్టుకుని, మొదటి బంతికి హోసేలాగే కుడిచేతి వైపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఎడమవైపుకు మారి, మెట్స్ పిచర్ బార్టోలో కొలోన్ వేసిన బంతిని పై అంతస్తు సీట్లలోకి కొట్టాడు. ఆ సీజన్‌లో అప్పటిదాకా అతను ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు. బేస్‌లు చుట్టి వస్తూ ఏడ్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఏడవనివాళ్లు నాకు కనిపించలేదు. కొలోన్ కావాలనే తేలిక బంతి వేశాడని కొందరు అంటుంటారు. తేలిక బంతే అనుకున్నా, అంత దూరం కొట్టడం గోర్డన్ చేతిలో ఉన్న పని కాదు. మ్యాచ్ 7-3తో మార్లిన్స్‌దే. అయిపోయాక టోపీలన్నీ మౌండ్ మీద పెట్టి వెళ్లారు.

బుధవారం అంతిమయాత్ర మధ్యాహ్నం 2 గంటల 16 నిమిషాలకు స్టేడియం దగ్గర బయల్దేరింది, అతని నంబరు 16 కాబట్టి. సముద్రం ఒడ్డున క్యూబా ప్రవాసులు కట్టుకున్న మరియమాత గుడి, లా ఎర్మిటా దగ్గర ఆగి వెళ్లింది.

ఇక మీ రెండో ప్రశ్న. 2017 మార్చిలో వచ్చిన ఫ్లోరిడా అధికారుల నివేదికలో ఉన్నదాన్ని దాచాల్సిన పని లేదు. పడవ నడిపింది హోసేనే. రక్తంలో ఆల్కహాల్ 0.147, అక్కడ పరిమితి 0.08. కొకైన్ ఆనవాళ్లూ ఉన్నాయి. చీకట్లో విపరీతమైన వేగం. బతికి ఉంటే కేసులు ఎదుర్కోవాల్సి వచ్చేదని నివేదికే చెప్పింది. పోయిన ఇద్దరి కుటుంబాలు అతని ఎస్టేట్ (అతను వదిలిపోయిన ఆస్తి) మీద దావా వేశాయి. ఆ ఇద్దరూ కూడా ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే. నివాళుల్లో వాళ్ల ప్రస్తావన చాలాసార్లు రాదు, అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

పాతతరం బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటేతో పోల్చి చూడండి. నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమానం కూలి చనిపోయాడు. ఆయన్ను తలుచుకోవడానికి ఎవరికీ ఏదీ అడ్డు రాదు. మామూలు గడువు కూడా లేకుండా 1973లోనే బేస్‌బాల్ మహామహుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. హోసే విషయంలో అలా కుదరదు. టీమ్ పాత యజమాని అతని కంచు విగ్రహం పెడతామన్నాడు, నివేదిక వచ్చాక, యాజమాన్యం మారాక ఆ ఊసే లేకుండా పోయింది. నన్నడిగితే విగ్రహం పెట్టకపోవడమే సరి. కానీ అభిమానులు పాత జెర్సీ వేసుకుని స్టేడియానికి రావడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. వాళ్లు గౌరవించేది ఆ రాత్రిని కాదు. అతను చేసింది క్షమించరానిదని మా పెద్దాయనే అన్నారు, ఆ జెర్సీ ఒంటి మీద ఉండగానే.

అతని ఆట ఎప్పుడూ చూడకపోతే స్కోర్లు చదివి లాభం లేదు. ముందు టులోవిట్స్కీ కొట్టిన ఆ బంతి వీడియో చూడండి, పది సెకన్లు కూడా ఉండదు. తర్వాత 2016 సెప్టెంబర్ 20 మ్యాచ్. అందులో అతని బ్రేకింగ్ బాల్ ఎలా తిరుగుతుందో, బ్యాట్స్‌మెన్ దాని ముందు ఎలా తెల్లబోతారో గమనించండి. గోర్డన్ హోమ్ రన్ వీడియోను మాత్రం ఈ రెండూ అయ్యాకే తెరవండి, లేకపోతే అతను దేనికి ఏడుస్తున్నాడో మీకు సగమే అందుతుంది.