తెల్ల పంచె, నల్ల గేదె

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. తాతయ్య పంచె మాసినట్టు బూడిద రంగులో వచ్చిందని, కెమెరా మంచిది కాదేమోనని దిగులుపడ్డావు. కెమెరాకేం కాలేదమ్మా. లోపల వెలుతురు కొలిచే మీటర్‌కి తెలుపు, నలుపు తెలియవు. ఎదురుగా ఏది ఉన్నా మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. నువ్వు మాన్యువల్‌లో, అంటే అన్నీ మన చేత్తో మార్చుకునే పద్ధతిలో పెట్టినా, మీటరు ముల్లుని సున్నా మీదకి తెచ్చి దాని మాటే విన్నావు.

రేపు పొద్దున పది గంటలకి తాతయ్యని గోడ నీడలో కూర్చోబెట్టు. వేపచెట్టు కింద వద్దు, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు పడతాయి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్న అంకె) 200, ఎపర్చర్ (లెన్సు కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/5.6 పెట్టి, ఇక వాటి జోలికి వెళ్లకు. ఆటో ఐఎస్ఓ ఆపేశావో లేదో చూసుకో. అది ఆన్‌లో ఉంటే నువ్వు షట్టర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం, ఎంత మార్చినా వెనకాల అది సరిచేసేస్తుంది, నీకు తేడాయే కనబడదు.

ఫ్రేము నిండా పంచె పెట్టి చూడు. షట్టర్ సుమారు 1/500 సెకను దగ్గర ముల్లు సున్నా మీదకి వస్తుంది, అంటే మీటరు 1/500 అంటున్నట్టు. నువ్వు 1/250 పెట్టు, పంచె తెల్లగా వస్తుంది. తర్వాత గేదెని అదే నీడలోకి తోలుకొచ్చి చూడు. ఈసారి 1/125 అంటుంది. మళ్లీ 1/250 పెట్టు, గేదె నల్లగా వస్తుంది. అంకెలు కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు గానీ, రెండూ ఒకేచోట కలుస్తాయి. ఎందుకంటే రెండింటి మీదా పడే వెలుతురు ఒక్కటే. ఇది నీ కళ్లతో చూశావంటే మాన్యువల్ అంటే టెన్షన్ పోతుంది.

ఇది నాకు చెప్పేవాళ్లు లేరు. మొదటిసారి తీసిన పెళ్లిలో పెళ్లికొడుకు తెల్లబట్టలు చూసి మీటరు చెప్పినట్టే తీశాను. 36 ఫ్రేముల రీలు కడిగి చూస్తే ముఖాలన్నీ నల్లబడ్డాయి. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా. ఆ ఇంటివాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీసేటప్పుడు 1/100 గానీ 1/50 గానీ పెట్టుకో. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో ఆ లైటు సెకనుకి వందసార్లు మినుకుమంటుంది. అంతకన్నా వేగంగా తీస్తే ఫొటోలో అడ్డంగా చారలు పడొచ్చు. 1/50లో మాత్రం చెయ్యి కదలకుండా మోచేతులు ఒంటికి ఆనించు.

ఎండలో వెనక స్క్రీన్ చూసి నిర్ణయానికి రాకు. నీడలోకి వచ్చి చూడు.

గేదె ఫొటోలు ఎడిట్ చేయకుండా పంపు. ఒక్కోదాని కింద షట్టర్ అంకె రాయడం మర్చిపోకు.

నీ మామయ్య