అంతా బాగుందని అమ్మకు రోజూ అబద్ధం చెబుతున్నాను

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. నాన్న పొలం కౌలుకు తీసుకుని మిరప వేస్తారు, అమ్మ కూలికి కూడా వెళ్తుంది. ఇంటర్ రెండేళ్లూ విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి చదివాను. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో ఈసీఈ సీటు వచ్చింది. మా ఊళ్లో క్యాంపస్ సీటు తెచ్చుకున్నది నేనే మొదట. ఇక్కడికి వచ్చాక నా తీరే మారిపోయింది. రాత్రి రెండు, మూడింటి దాకా ఫోన్‌లో రీల్స్ చూస్తూ ఉండిపోతాను, పొద్దున లేవలేను. ఫస్ట్ పీరియడ్‌కి వెళ్లడం దాదాపు మానేశాను. సెమిస్టర్ సగం అయ్యేసరికి అటెండెన్స్ 68 శాతానికి పడిపోయింది. ఫస్ట్ మిడ్‌లో ప్రోగ్రామింగ్‌లో 30కి 9, మ్యాథ్స్‌లో 11 వచ్చాయి. మాకు సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షలకు ఇంటర్నల్స్ 30, చివర్లో పెట్టే ఎక్స్‌టర్నల్‌కి 70 మార్కులు. లెక్చరర్లు ఇంగ్లీషులో గబగబా చెప్పుకుంటూ పోతారు. రూమ్మేట్లు ముగ్గురూ సిటీ వాళ్లు. మంచివాళ్లే, కానీ వారం వారం బయట బిర్యానీ, లేకపోతే ఎవరిదో ఒకరి బర్త్‌డే ట్రీట్. నా దగ్గర అంత డబ్బుండదు. తలనొప్పి అని చెప్పి రూములో ఉండిపోతాను. మెస్‌లో ఒక్కడినే కూర్చుని తినాలంటే సిగ్గేసి చాలాసార్లు బిస్కెట్లతో సరిపెడతాను. సీనియర్ ఒకరు తన ల్యాబ్ రికార్డులు నాతో రాయిస్తారు, కొన్ని రాత్రులు దానికే పోతాయి. అమ్మ రోజూ ఫోన్ చేసి ‘తిన్నావా, బాగా చదువుతున్నావా’ అని అడుగుతుంది. అంతా బాగుందని చెబుతాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొస్తుంది. సంక్రాంతికి వెళ్తే మార్కులు అడుగుతారు. ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. నేను ఈ చదువుకు తగినవాణ్ని కాదేమో. మానేసి ఇంటికి వెళ్లిపోనా?
– ఒక ఫస్టియర్ విద్యార్థి

జవాబు: బాబూ, మా అబ్బాయి కంటే చిన్నవాడివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తాను.

‘ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తుంది’ అన్నావు. హాస్టల్ వదిలి ఇంటికి వెళ్లిపోవాలని నీ ఉద్దేశమైతే, దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అలా కాకుండా చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఈ ఉత్తరంలో మిగతాదంతా పక్కన పెట్టి ఈ రాత్రే ఆ మాట ఎవరికైనా ఉన్నదున్నట్టు చెప్పు. 14416కి ఫోన్ చెయ్యి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీ పగలూ పలుకుతారు, పైసా ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఏ అర్ధరాత్రో అలాంటి ఆలోచన వస్తే పక్క మంచం మీద ఉన్న కుర్రాణ్ని లేపు. నిద్ర చెడగొట్టావని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు చదువు సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో నాకు బద్ధకస్తుడు ఎక్కడా కనబడలేదు. ఇంటర్‌లో నీ రోజు ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకో. పొద్దున ఐదింటికి వార్డెన్ తలుపు కొడితే లేచావు. స్టడీ అవర్‌లో కూర్చోబెడితే కూర్చున్నావు. వీకెండ్ పరీక్షకు ఏ చాప్టర్లు చదవాలో వాళ్లే చెప్పారు, ఎక్కడ వెనకబడ్డావో ర్యాంకుల లిస్టు చెప్పింది. చేతిలో ఫోన్ లేదు, గేటు దాటే అవకాశం లేదు. ‘ఇప్పుడు నేనేం చదవాలి’ అని నిన్ను నువ్వు అడగాల్సిన అవసరం ఆ రెండేళ్లలో ఒక్కసారైనా వచ్చిందా? రాలేదు. అలాంటి పిల్లాడి చేతికి ఫోనిచ్చి, సాయంత్రం నాలుగున్నర తర్వాత నీ ఇష్టం అని వదిలేశారు. ‘ఈ రెండేళ్లు కష్టపడితే చాలు, బీటెక్‌లో హాయిగా ఉండొచ్చు’ అని నీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట చెప్పేవాళ్లెవరూ నవంబర్ నెలలో ఒక ఫస్టియర్ హాస్టల్‌కి వచ్చి చూసి ఉండరు.

నీకు చదవడం వచ్చు. రాకపోతే ఆ ర్యాంకు వచ్చేది కాదు. రోజును నీ అంతట నువ్వు నడుపుకోవడం మాత్రం రాదు, ఎందుకంటే నీకు దాన్ని ఎవరూ నేర్పలేదు, నేర్చుకోనివ్వలేదు కూడా. అది నేర్చుకోవడానికి ఒక సెమిస్టర్ పడుతుంది, కొందరికి రెండు. తగనివాణ్ని అని నీకు నువ్వు తీర్పు చెప్పుకోవడానికి ఇది సమయం కాదు.

ఫస్ట్ మిడ్ పోతే అంతా పోయినట్టు రాశావు, కాబట్టి కొంచెం లెక్క చేద్దాం. 30–70 పద్ధతి ఉన్న జేఎన్‌టీయూ రెగ్యులేషన్లలో రెండు మిడ్‌ల మార్కులకు మామూలు సగటు తీయరు. ఎక్కువ వచ్చిన మిడ్‌కి 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. ప్రోగ్రామింగ్‌లో ఇప్పుడు 9 వచ్చాయి. సెకండ్ మిడ్‌లో 24 తెచ్చుకుంటే 19.2కి 1.8 కలిపి నీ ఇంటర్నల్స్ 21 అవుతాయి. సగటు తీసి ఉంటే పదహారున్నరే వచ్చేవి. ఎక్స్‌టర్నల్‌లో 70కి కనీసం 25 వచ్చి, మొత్తం మీద 40 ఉంటే పాస్. మీ క్యాంపస్‌లో ఇదే లెక్క నడుస్తోందో లేదో సీఆర్‌ని, అంటే మీ క్లాస్ రిప్రజెంటేటివ్‌ని అడుగు, లేదా మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఆ ఒక్క పేజీ తీసి చూడు. ఫస్టియర్‌లో ఆ పుస్తకం ఎవరూ తెరవరు, టెన్షన్ మాత్రం అందరూ పడతారు.

నాకు మార్కుల కంటే నీ అటెండెన్స్ గురించే ఎక్కువ కంగారు. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్‌తో, ఫీజు కట్టించుకుని మినహాయిస్తారు. అది వాళ్ల దయ, నీ హక్కు కాదు. 65 కిందికి పోతే డీటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సెమిస్టర్ సగం అయిందన్నావు కాబట్టి, మిగిలిన క్లాసుల్లో 82 శాతానికి వెళ్తే 75 అందుకుంటావు. అంటే వంద పీరియడ్లలో పద్దెనిమిది మానినా పర్లేదు. జ్వరానికీ, పండగ ప్రయాణానికీ అవి అట్టేపెట్టుకో, నిద్రకు ఖర్చు చేయకు.

గోడకు పెద్ద టైమ్‌టేబుల్ మాత్రం రాసి అంటించొద్దు. ఉత్తరాలు రాసే పిల్లలందరూ ముందు చేసే పని అదే, మూడో రోజుకి దాన్ని చూడాలంటేనే చిరాకు. నువ్వు రెండు పనులు పెట్టుకో చాలు. ఒకటి, ఏది ఏమైనా ఫస్ట్ పీరియడ్‌లో కూర్చోవడం. మొదటి వారం నిద్ర కళ్లతోనే కూర్చుంటావు, పాఠం ఎక్కదు, అయినా సరే వెళ్లు. మధ్యాహ్నం పడుకోకుండా ఉంటే రాత్రి నిద్ర దానంతట అదే ముందుకు జరుగుతుంది. ఫోన్‌ని మంచం దగ్గర కాకుండా రూముకి అవతలి మూల ఛార్జింగ్ పెట్టు. అలారం కోసం ఫోన్ కావాలని అనకు, చిన్న అలారం గడియారం కొనుక్కో. రెండోది, క్లాసులు అయ్యాక రూముకి వెళ్లకుండా నేరుగా లైబ్రరీకి వెళ్లి ఒక గంట కూర్చోవడం. రూముకెళ్లి ఒక్కసారి మంచం మీద నడుం వాల్చావంటే ఆ సాయంత్రం ఇక నీది కాదు, నీకు తెలుసు.

ఆ గంటలో ప్రోగ్రామింగ్, మ్యాథ్స్ తప్ప మరేదీ ముట్టకు. నీ క్లాసులో చాలామంది స్కూల్లోనే కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఉంటారు. ఎంపీసీ పుస్తకాల్లో నీకు ఆ అవకాశం దొరకలేదు. అందుకే వాళ్లకు అర్థమవుతున్నది నీకు కావడం లేదు, తెలివి తక్కువై కాదు. ఆ రోజు చెప్పిన ప్రోగ్రాం చేత్తో రాసుకుని, ఒక్కో లైన్ దగ్గర ఆగి ఏ వేరియబుల్‌లో ఎంత విలువ ఉందో పక్కన రాసుకుంటూ వెళ్లు. లూప్ ఎక్కడ తిరుగుతోందో అప్పుడు కనబడుతుంది. ఇంగ్లీషు గురించి ఒక్క మాట చెబుతాను. లెక్చరర్లలో చాలామంది తెలుగువాళ్లే అయి ఉంటారు. క్లాసు అయ్యాక వరండాలో ఆపి తెలుగులో అడుగు, తెలుగులోనే చెబుతారు. తెలుగులో అడిగితే చులకన అవుతానేమో అనుకుని నోరు మూసుకునే పిల్లలే ఎక్కువ నష్టపోతారు.

రూమ్మేట్లతో తలనొప్పి అని చెప్పడం ఇక ఆపెయ్యి. వారం వారం తలనొప్పి అంటే నీకు వాళ్లతో తిరగడం ఇష్టం లేదేమో అనుకుంటారు, కొన్నాళ్లకు పిలవడం మానేస్తారు. ‘ఒరేయ్, నెలకోసారి అయితే వస్తా, ప్రతిసారీ నా వల్ల కాదు, డబ్బులుండవు’ అని మామూలుగా చెప్పు. పద్దెనిమిదేళ్ల వయసులో ఇది చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఒక్కసారి చెబితే చాలు, తర్వాత ఎప్పుడూ వివరించుకోనక్కర్లేదు. ఆ మాట విని ముఖం మాడ్చుకునేవాళ్లయితే, మంచివాళ్లన్న నీ అంచనా మార్చుకో. బిర్యానీకి వెళ్లలేకపోయినా సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లడానికి రూపాయి ఖర్చు ఉండదు.

మెస్ విషయంలో నాకు కాస్త కోపమే వచ్చింది. చాలా హాస్టళ్లలో లాగే మీకూ తిన్నా తినకపోయినా బిల్లు పడుతుంది కదా. ఆ డబ్బు మీ అమ్మ ఎండలో మిరపకాయలు కోసి తెచ్చినది. సిగ్గుపడి బిస్కెట్లు తినడానికి కాదు. రోజూ ఒకే టైముకు వెళ్లి, ఒకే బల్ల దగ్గర కూర్చో. వారం తిరిగేలోపు ఒక్కడే వచ్చి కూర్చునే ఇంకో కుర్రాడు నీ కంట్లో పడతాడు. ప్రతి హాస్టల్ మెస్‌లోనూ అలాంటివాళ్లు ఉంటారు, కంచంలోంచి తల ఎత్తరు కాబట్టి ఒకరికొకరు కనబడరు.

ఇక అమ్మ. రాత్రికి రాత్రే ఫోన్‌లో అన్నీ చెప్పెయ్యమని నేను అనను. ఎక్కడో దూరాన ఉన్న కొడుకు ఏడుస్తూ చెబితే ఆవిడకు తెల్లవార్లూ నిద్ర ఉండదు. పైగా చెయ్యగలిగింది కూడా ఏమీ ఉండదు. కానీ ‘అంతా బాగుంది’ అన్న మాట మాత్రం మానెయ్యి. దాని బదులు రోజుకు ఒక్క నిజం చెప్పు. ‘ఇవాళ పప్పు నీళ్లలా ఉందమ్మా’ అని చెప్పు. ‘ప్రోగ్రామింగ్ అస్సలు ఎక్కట్లేదు, ఒకబ్బాయిని అడిగి చెప్పించుకుంటున్నా’ అని చెప్పు. ‘ఇవాళ ఇల్లు బాగా గుర్తొచ్చింది’ అన్నా చాలు. ఫోన్ పెట్టేశాక నీకు ఏడుపు ఎందుకొస్తోందంటే, నీకు అందరికంటే దగ్గరి మనిషితో మాట్లాడి కూడా నీ సంగతి ఒక్కటీ చెప్పుకోలేదు కాబట్టి. ఆవిడ ‘తిన్నావా’ అని అడిగేది నీ గొంతు వినడానికి కూడా. ఆ గొంతులో తేడా ఇప్పటికే పట్టేసి ఉంటుందని నా అనుమానం. ఏమైందో తెలియక ఊహించుకుని బాధపడటం కంటే, పప్పు బాగోలేదని తెలిసి బాధపడటం ఆవిడకు తేలిక.

మార్కుల సంగతి నాన్నకు ఎదురుగానే చెప్పు. భోగి నాడో, పండగ నాడో ఆ కబురు ఎత్తకు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఆ రోజు ఎవరూ ఎక్కడికీ పోరు, ఇంట్లోనే ఉంటారు. భోజనాలయ్యాక కూర్చుని, ‘ఫస్ట్ మిడ్ ఇలా వచ్చింది, ఇందువల్ల వచ్చింది, సెకండ్ మిడ్‌కి ఇలా చదువుతున్నాను’ అని మూడు ముక్కల్లో చెప్పు. అప్పటికి లైబ్రరీలో కొన్ని వారాలు కూర్చుని ఉంటావు కాబట్టి చెప్పడానికి నోట్లో మాట ఉంటుంది. తిట్టొచ్చు. కాసేపు మాట్లాడకపోవచ్చు కూడా. కానీ కౌలు ముందే కట్టి, పురుగుమందులు కొట్టి, యార్డులో ధర ఎంత పలుకుతుందో తెలియకుండానే ఏటా మిరప వేసే మనిషాయన. ఒక తడవ దెబ్బతింటే ఏం చెయ్యాలో ఆయనకు నీకంటే బాగా తెలుసు.

మానేయాలా వద్దా అన్నది ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చేదాకా ఎవరితోనూ చర్చించకు, నీతో నువ్వు కూడా. ఒకటో రెండో సబ్జెక్టులు పోతే సప్లిమెంటరీ ఉంది. ఫస్టియర్‌లో బ్యాక్‌లాగ్ ఉండి తర్వాత ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు మీ క్యాంపస్‌లోనే దొరుకుతారు, థర్డియర్ వాళ్లను అడిగి చూడు. నిద్ర, తిండి సరిపడ్డాక కూడా మనసు ఇలాగే ఉంటే క్యాంపస్ డాక్టర్ దగ్గరికో, కౌన్సిలర్ ఉంటే అక్కడికో వెళ్లు.

ఒక్క విషయం నువ్వు ఒకే వాక్యంలో దాటేశావు, నేను దాటలేను. రికార్డులు. తన చదువు పని జూనియర్‌తో చేయించుకోవడం ర్యాగింగ్ కిందికే వస్తుందని యూజీసీ 2009 నాటి నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కొడితేనో, బూతులు తిడితేనో మాత్రమే ర్యాగింగ్ అని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్‌ని నిషేధించే చట్టం ఉంది. అడ్మిషన్ అప్పుడు నువ్వూ, నాన్నా సంతకాలు పెట్టి ఇచ్చిన అఫిడవిట్ దాని గురించే. ఆ సీనియర్ బహుశా చెడ్డవాడేం కాకపోవచ్చు, తన ఫస్టియర్‌లో తానూ ఎవరికో రాసిపెట్టి ఉంటాడు. అయినా సెకండ్ మిడ్ ముందు నీ రాత్రులు అతనికి ఇవ్వడానికి లేవు. పగటి పూట, నలుగురున్న చోట, వీలైతే ఒక రూమ్మేట్‌ని వెంటబెట్టుకుని వెళ్లి ‘అన్నా, నాకు అటెండెన్స్ తక్కువుంది, మిడ్ ఉంది, ఇక రాయలేను’ అని చెప్పు. సారీలు, సాకులు అక్కర్లేదు. ఊరుకుంటే మంచిదే. బెదిరిస్తే మాత్రం ఆ రోజే వార్డెన్‌కి చెప్పు. వార్డెన్ తేలిగ్గా తీసుకుంటే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చెయ్యి, అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఇందుకు సంక్రాంతి దాకా ఆగకు. ఇప్పుడు నీ దగ్గర సగం రాసిన రికార్డు ఏదైనా ఉంటే, దాన్ని పూర్తి చేయకుండానే తిరిగి ఇచ్చెయ్యి.