కంచు స్తంభాల మీది తేనెటీగలు

ప్రశ్న: రోమ్ నగరంలోని సెయింట్ పీటర్స్ చర్చి ప్రధాన బలిపీఠం ఫొటోలలో, దాని చుట్టూ ఉన్న కంచు మండపం మీద తేనెటీగల బొమ్మలు కనిపించాయి. అవి బార్బెరీనీ అనే కుటుంబపు చిహ్నమని చదివాను. దేవుడి మందిరంలో ఒక కుటుంబపు గుర్తు ఎందుకు? పెళ్లే లేని పోప్‌కు వంశమేమిటి? ఆ కుటుంబం చివరికి ఏమైంది? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినది నిజమే. 1623 నుంచి 1644 వరకు ఎనిమిదవ అర్బన్ పేరుతో పోప్‌గా ఉన్న మఫ్ఫేయో బార్బెరీనీ వంశచిహ్నమది. వారి పూర్వీకులది ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ నడుమ ఉన్న బార్బెరీనో అనే చిన్న ఊరు. పాత ఇంటిపేరు తఫానీ. ఆ మాటకు ఇటాలియన్‌లో జోరీగలు అని అర్థం. వంశచిహ్నంలోనూ మొదట జోరీగలే ఉండేవి. ఫ్లోరెన్స్‌లో వ్యాపారం చేసి స్థితిమంతులైన ఆ కుటుంబం ఊరిపేరునే ఇంటిపేరుగా నిలుపుకుంది, జోరీగలు తేనెటీగలయ్యాయి.

మీ రెండవ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. ఆనాటి పోప్ మతాధిపతి మాత్రమే కాదు, మధ్య ఇటలీలో విశాలమైన రాజ్యాన్ని ఏలే ప్రభువు కూడా. అయితే ఆ సింహాసనం తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది కాదు. కార్డినళ్లు అనే ఉన్నత మతాధికారులు ఎన్నుకుంటే, అదీ చాలామందికి వయసు మళ్లాక దక్కేది. చుట్టూ ఉన్న అధికారులేమో అంతకుముందు పోప్‌లు నియమించినవారు. అటువంటప్పుడు నమ్మడానికి మిగిలేది సొంత రక్తమే కనుక, తోబుట్టువుల కొడుకులలో ఒకరిని కార్డినల్‌ను చేసి పాలన చేతికివ్వడం, మరొకరికి పెళ్లి చేసి, భూములు సంపాదించిపెట్టి వంశం నిలబెట్టడం ఆచారమైపోయింది. బంధుప్రీతికి నెపోటిజం అనే మాట పుట్టింది ఇక్కడే.

మఫ్ఫేయో కూడా అలా పైకి వచ్చినవాడే. చిన్నతనంలోనే తండ్రి పోతే, పోప్ కొలువులో అధికారిగా ఉన్న పినతండ్రి వరుస బంధువు రోమ్‌లో చేరదీసి చదివించి, చివరికి తన ఆస్తి కూడా ఇచ్చాడు. తాను పోప్ అయిన ఏడాదే మఫ్ఫేయో తన అన్న కార్లో పెద్దకొడుకు ఫ్రాన్చెస్కోను కార్డినల్‌ను చేశారు. చిన్నవాడు ఆంటోనియోకు ఇరవై ఏళ్ల ప్రాయంలోనే ఆ పదవి అందింది. నడిమివాడు తద్దేయోకు రోమ్ పాత ప్రభువంశమైన కొలొన్నాల పిల్ల ఆన్నాను చేసుకున్నారు. 1630లో అదే కొలొన్నాల నుంచి పాలెస్త్రీనా సంస్థానం కొని అతణ్ణి ప్రభువును చేశారు.

ఇక మీరు చూసిన మండపం. 1624లో మొదలుపెట్టి శిల్పి బెర్నీని దాదాపు పదేళ్లు శ్రమించి నిలబెట్టిన ఆ కట్టడం ఎత్తు సుమారు 29 మీటర్లు. ఆ కాలంలోనే రోమ్‌లోని ప్రాచీన ఆలయం పాంథియన్ ముఖమండపపు పురాతన కంచు దూలాలను పోప్ పీకించి, అందులో అధికభాగం ఫిరంగులు పోయించారు. అనాగరిక జాతులు చేయని పని బార్బెరీనీలు చేశారని రోమ్ జనం చెప్పుకున్నారు. ఆ మాటలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. వీలైతే ఈసారి పైనున్న తేనెటీగలతో పాటు స్తంభాల కింది పాలరాతి పీఠాలను చూడండి. వాటి మీద ఎనిమిది పలకలు, ప్రతి పలకలో మూడేసి తేనెటీగలు ఉంటాయి. పలకల తలభాగాన ఒక స్త్రీ ముఖం. పలక నుంచి పలకకు ఆ ముఖంలో పురిటినొప్పులు తీవ్రమవుతాయి. చిట్టచివరి పలకపై ఆమె స్థానంలో నవ్వుతున్న పసిబిడ్డ కనిపిస్తుంది. ఒక కుటుంబపు గుర్తులో శిల్పి ఇంతటి మానవానుభవాన్ని చెక్కడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఫ్రాన్చెస్కో గురించి ఒక మాట చెప్పాలి. 1633లో గెలీలియోను విచారించిన పదిమంది కార్డినళ్లలో ఆయన ఒకరు. తీర్పుపై సంతకం లేని ముగ్గురిలోనూ ఆయన ఉన్నారు.

ఇంకొక పోప్ వంశమైన ఫర్నేసేలతో కాస్త్రో పట్టణం కోసం 1641లో మొదలైన యుద్ధం ఖజానాను ఖాళీ చేసింది. 1644లో అర్బన్ మరణించగానే కొత్త పోప్ పదవ ఇన్నోసెంట్ లెక్కలు అడగడంతో, అన్నదమ్ములు ముగ్గురూ ఫ్రాన్స్‌కు పారిపోయి మంత్రి మజరాన్ నీడన తలదాచుకున్నారు. తద్దేయో 1647లో పారిస్‌లోనే కన్నుమూశాడు. 1653లో అతని కొడుకు ఇన్నోసెంట్ బంధువుల అమ్మాయిని పెళ్లాడాకే పగ చల్లారింది. పోప్‌లు బంధువులకు చర్చి ఆస్తులు కట్టబెట్టకుండా 1692లో పన్నెండవ ఇన్నోసెంట్ శాసనం చేశారు.

మగసంతతి లేక మిగిలిన ఒక్క వారసురాలు కొర్నేలియాకు 1728లో పెళ్లి జరిగింది. వరుడు కొలొన్నా వంశపు ఒక శాఖవాడు. అలా పాలెస్త్రీనా, ఒకనాడు దాన్ని అమ్ముకున్న వంశం వైపే తిరిగి వెళ్లింది.