మొదటిసారి ఆయిస్టర్లు తినబోయే మేనకోడలికి

నెల్లూరు

చి.ల.సౌ. కోడలు పిల్లకి మామయ్య ఆశీస్సులు.

మీ అత్తామామలు బోస్టన్ వచ్చినప్పుడు అందర్నీ ఆయిస్టర్లు, అదే మన ఆల్చిప్పలు, తినడానికి తీసుకెళ్తానని రాశావు. ముందు ఒక మాట. మీ అత్తగారికి షుగరు ఉంది గదా, ఆవిడకి పచ్చివి పెట్టబాక. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్లూ, కడుపుతో ఉన్నవాళ్లూ వాటి జోలికి పోకూడదు. విబ్రియో అనే క్రిమి ఉన్నా రుచిలో, వాసనలో తెలీదు. నిమ్మకాయ పిండినా, కారం సాసు పోసినా, పైన వైను తాగినా అది చావదు. బాగా ఉడికితేనే చస్తుంది. ఆవిడకి నూనెలో వేయించినవి చెప్పు, వేరే ప్లేటులో పెట్టించు. చిప్పలోనే కాల్చినవి ఒక్కోసారి నడిమధ్య పచ్చిగానే ఉంటాయి.

మనకి ఆల్చిప్ప అంటే గుల్లసున్నం గుర్తొస్తుంది గానీ తిండి కాదు. అందుకే మెనూలో వెల్‌ఫ్లీట్, బ్లూ పాయింట్, మాల్పెక్ అని చూసి ఇన్ని జాతులా అనుకుంటాం. ఈ మూడూ ఒకటే జాతి, వర్జీనికా. ఆ పేర్లన్నీ అవి పెరిగే చోట్లవి. ఆయిస్టరు నీళ్లని వడగట్టుకుని బతుకుతుంది, ఆ నీళ్ల ఉప్పే దాని రుచి. ఏటినీళ్లు కలిసేచోట పెరిగింది మెత్తగా, తియ్యగా ఉంటుంది. సముద్రం నేరుగా తగిలేచోటిది ఉప్పు కషాయం. మన పులికాట్ నీళ్లు వానలకి ఒక తీరు, ఎండలకి ఒక తీరు ఉంటాయే, అట్లా.

అమెరికా పడమటి తీరం నుంచి వచ్చే పసిఫిక్ రకం వేరే జాతి, అందులో కీరదోస వాసన తగులుతుంది. కుమమోటో చిన్నది, చిప్ప లోతు, కండ వెన్నలా ఉంటుంది. దొరికితే దాంతోనే మొదలుపెట్టు. బెలాన్ అనే ఇంకో రకం రాగిచెంబు నాలిక్కి ఆనించినట్టుంటుంది, ఈసారికి వద్దు.

పచ్చివి తినేది ముగ్గురు. మూడు రకాలు, రకానికి మూడు, మొత్తం తొమ్మిది చాలు. కుమమోటో, తర్వాత బ్లూ పాయింట్, ఆఖర్న వెల్‌ఫ్లీట్. వరస తిరగేస్తే ఉప్పు నాలికని పట్టేసి, తర్వాత వచ్చే తీపి తెలీదు.

ఎక్కడివి, ఏ రోజు తీశారు అని అడుగు, మొహమాటపడొద్దు. అక్కడ ప్రతి బస్తాకీ చీటీ ఉంటుంది, హోటలు వాళ్లు దాన్ని 90 రోజులు దాచాలి. ప్లేటు రాగానే చూడు: ఐసు మీద చల్లగా ఉండాలి, చిప్పలో నీళ్లు తేటగా ఉండాలి, కండ ఉబ్బి ఉండాలి. నీళ్లు లేక కండ ఎండి ముడుచుకుపోయిందంటే పాతదైనా అయ్యుండాలి, ఒలిచినవాడు ఒలకబోసైనా ఉండాలి. సముద్రపు గాలి వాసన కాకుండా కుళ్లు కంపు వస్తే రుచి కూడా చూడకుండా పక్కన పెట్టి మార్పించు.

చిన్న ఫోర్కుతో కదిపి, కండ చిప్పని వదిలిందో లేదో చూసుకో. నీళ్లు పారబోయకుండా, వెడల్పు అంచు నోటికి ఆనించి వంచు. గుటుక్కున మింగితే ఉప్పు తప్ప ఏమీ తెలీదు. మూడు నాలుగు సార్లు నమిలితేనే తీపి ఊరుతుంది. పెంకు ముక్క తగిలితే ఉమ్మెయ్. ప్రతి రకంలో మొదటిది ఉత్తదే తినాలి. ఇంకోసారి తెప్పించుకుంటే, సన్నగా తరిగిన చిన్న ఎర్రగడ్డలు, మిరియాలు కలిపిన వెనిగరు రెండు చుక్కలు చాలు. ఎర్ర సాసు పోస్తే మూడు రకాలూ ఒకటే అయిపోతాయి, అంత డబ్బు పోసి కొన్నందుకు ఫలితం ఉండదు.

వాళ్లని చలికాలంలో రమ్మను. ఎండాకాలం గుడ్లు పెట్టేటప్పుడు కండ పాలలా పలచబడి సారం పోతుంది. గుడ్లు పెట్టని రకం పెంచే చోట్ల మాత్రం ఎండల్లోనూ గట్టిగానే దొరుకుతాయి.

అక్కడ అలవాటైందని ఇక్కడికొచ్చి ఉప్పుటేటి ఆల్చిప్పలు పచ్చిగా తినబాక. మన నీళ్లు వెచ్చన, పైగా ఊరి మురుగు వచ్చి కలుస్తుంది. మరిగే నీళ్లలో వేసి, చిప్పలు తెరుచుకున్నాక ఇంకో అయిదు నిమిషాలు ఉడికించాలి. తెరుచుకోనివి పారేసి, మిగతా కండ పచ్చిమామిడికాయ పులుసులో వెయ్యి.

మీ మామయ్య