శ్రీకాకుళం తీరంలో ఏ పార్టీ వచ్చినా జెట్టీ మాటే ఎందుకు ఎత్తుతుంది?

ప్రధాన కారణం వలస. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్నప్పటికీ, మరపడవలు నిలిపి సరుకు దించుకునే జెట్టీ సదుపాయం చాలాకాలంగా కొరవడినందువల్ల, ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు వెళ్లి, పరాయి బోట్లలో కూలికి వేట సాగిస్తున్నారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చిన తరువాత, స్థానికంగా హార్బర్ కావాలన్న కోరికను ఏ పార్టీ కూడా పక్కన పెట్టలేకపోయింది.

అయితే నిర్మాణానికి ఏళ్లు పడుతుంది; భృతి ఒక్కరోజులో ఖాతాలో పడుతుంది. అందుకే పార్టీల అసలు పోటీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల వేట విరామానికి ఇచ్చే సాయం మీదికి మళ్లింది. 2014-19 నాటి తెలుగుదేశం హయాంలో 4,000 రూపాయలుగా ఉన్న ఆ మొత్తాన్ని వైఎస్సార్ కాంగ్రెస్ 10,000 చేయగా, కూటమి ప్రభుత్వం 20,000కు పెంచి, 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల నియోజకవర్గంలోని బుడగట్లపాలెంలో పంపిణీ ప్రారంభించింది. హార్బర్ కోసం ఎదురుచూస్తున్న ఊరినే వేదికగా ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టును కూడా కొందరు ఇదే ఖాతాలో వేస్తారు గానీ, అది సరుకు రవాణా ఓడరేవు. అక్కడి నిర్వాసితులకు ముఖ్యమైనవి పునరావాసం, ఉద్యోగాలు.