పిట్టల్ని చూడబోతున్న మేనకోడలికి

అమ్మలూ, ఆశీస్సులు.

శనాదివారాలు పల్లెపట్టున పిట్టల్ని చూస్తూ గడుపుతామని రాశావు, బాగుంది. కానీ వెంట పంపిన, చూడాల్సిన చోట్ల ఆ చాంతాడంత జాబితా చూస్తే మాత్రం ఆ రెండు రోజులూ తిరుగుడుకే సరిపోయేలా ఉంది. ముప్పాతిక కొట్టెయ్. రెండు చోట్లు చాలు. ఒకటి నీళ్లున్న చోటు, రెండోది చెట్ల గుంపు పొలంలోకి దిగే అంచు. చాటూ, పురుగులూ, ఎగరడానికి జాగా అక్కడ ఒక్కచోటే దొరుకుతాయి కాబట్టి తోపులో ఉండేవీ బయట మేసేవీ ఆ అంచుకే చేరతాయి.

బైనాక్యులర్లు 8×42వి తీసుకో. 10×42 ఇంకా పెద్దగా చూపిస్తుంది కదా అంటావు. చూపిస్తుంది, దాంతోపాటు చేతి వణుకునూ పది రెట్లు చేస్తుంది, కనబడే మేర కూడా సాధారణంగా తగ్గుతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండో అంకె ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని మొదటి అంకెతో భాగించు: 8×42కి 5.25 వస్తుంది, జేబులో పట్టే 8×25కి మూడు దాటి కొంచెం. కంటికి చేరే వెలుతురు వలయం వెడల్పు అది. పట్టపగలు ఈ తేడా పెద్దగా తెలియదు. మసక వెలుతురులో తెలుస్తుంది, పిట్టలు జోరుగా తిరిగేదీ అప్పుడే.

అవి చేతికి రాగానే మెడలో వేసుకుని బయల్దేరకు, ముందు నీ కళ్లకు సరిచెయ్యి. రెండు గొట్టాలనూ దగ్గరికీ దూరానికీ జరుపుతూ రెండు వలయాలు కలిసి ఒకటయ్యేదాకా చూడు. కళ్లద్దాలు పెట్టుకునే చూస్తావు గనక కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని పూర్తిగా దించెయ్, లేకపోతే చుట్టూ నల్లటి అంచు కనబడుతుంది. ఇప్పుడు కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో కాస్త దూరంలో ఉన్న ఒక కొమ్మను చూస్తూ నడిమి చక్రం తిప్పు. బెరడు గీతలు తేటగా కనబడ్డాక ఎడమవైపు మూసి అదే కొమ్మను కుడి కంటితో చూడు. ఈసారి చక్రం జోలికి పోకుండా కుడి గొట్టానికి ఉన్న చిన్న వలయాన్ని మాత్రమే తిప్పు (కొన్నిటికి అది వేరే చోట ఉంటుంది, చూసుకో). అది ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకో, సంచిలో రాపిడికి జరిగిపోతూ ఉంటుంది. ఈ పని చేయనివాళ్లే అరగంటకు తలనొప్పి వచ్చి, పరికరం మంచిది కాదంటారు.

పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్ల కోసం వెతుక్కుంటే అది ఎగిరిపోతుంది, లేదా నీకే జాడ తప్పుతుంది. చూపు పిట్ట మీదే నిలిపి, వాటినే కళ్ల దగ్గరికి ఎత్తాలి. బయల్దేరే ముందు ఇంటి దగ్గర ఆకుల మీద ఇది సాధన చెయ్యి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకు, చూపే పోతుంది.

పొద్దు పొడవడానికి అరగంట ముందే చోటు చేరుకో, వీపు తూర్పుకి పెట్టి కూర్చో. వెలుగు వీపు వెనక ఉంటేనే రంగులు తెలుస్తాయి, ఎదురుగా ఉంటే ప్రతి పిట్టా నల్లదే. మొదటి రెండు మూడు గంటలే అసలు సమయం. మధ్యాహ్నం పడుకో, లేదా ఆకాశం చూడు: నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే గద్దలు రెక్క ఆడించకుండా సుళ్లు తిరుగుతాయి. గాలి గట్టిగా వీస్తే చిన్న పిట్టలు పొదల్లో నక్కుతాయి. అప్పుడు గాలి తగలని వైపుకి వెళ్లు.

కూర్చోవడమే ఇందులో కష్టం. నువ్వు వచ్చిన అలికిడికి అంతా సద్దుమణుగుతుంది, మళ్లీ మామూలు కావడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. చాలామంది పదో నిమిషంలోనే ‘ఇక్కడేం లేవు’ అని లేచిపోతారు. బట్టలు మట్టి రంగువైతే మంచిదే గానీ, రంగుకన్నా కదలికే వాటిని ఎక్కువ బెదరగొడుతుంది. నీళ్ల మీదికి వంగిన ఎండు కొమ్మ ఉంటే దాన్ని కనిపెట్టి ఉండు. లకుముకి పిట్ట దూకి చేపను పట్టి తరచూ అదే కొమ్మకు తిరిగొస్తుంది. చేపను కొమ్మకేసి బాది, తల ముందుగా లోపలికి పోయేలా తిప్పి మింగుతుంది. తోక ముందు పోతే మొప్పలూ రెక్కలూ గొంతుకు అడ్డం పడతాయి మరి.

పేరు పట్టుకోవడానికి రంగుతో మొదలుపెట్టకు. పిచ్చుకంతా, కాకంతా? ముక్కు పొట్టిదా, సూదిలా ఉందా? నడుస్తోందా, గెంతుతోందా? ఎగిరేటప్పుడు తెల్లకొంగ మెడ ముడుచుకుంటుంది, కొంగలాగే ఉండే సారసం చాచి ఉంచుతుంది. అంత దూరంలో రంగు కనబడకపోయినా ఇది కనబడుతుంది. ఇవన్నీ పెన్సిల్‌తో కాగితం మీద పెట్టాకే పుస్తకం తెరువు. ముందే తెరిస్తే బొమ్మలో ఉన్నదే చూశాననిపిస్తుంది.

పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది. సిగ్నల్ ఉండకపోవచ్చు గనక వెళ్లే ప్రాంతపు పిట్టల ప్యాక్ ఇంట్లోనే ఫోన్‌లోకి దింపుకో. అది చెప్పిందల్లా రాసేసుకోకు. ఏట్రింతలు (తోక చీలిన నల్లపిట్టలు) పక్క పిట్టల కూతల్ని అనుకరిస్తాయి, యాప్ కూడా బోల్తా పడుతుంది. పిట్టను కంటితో చూశాకే లెక్కలో వెయ్యి. రప్పించడానికి ఫోన్‌లో కూతలు వినిపించడం మాత్రం వద్దు. ఎవరో తన హద్దులోకి చొరబడ్డారని అది మేత మాని, గూడు వదిలి పోట్లాటకొస్తుంది.

మేస్తున్న పిట్ట తలెత్తి నీ వైపే చూస్తూ ఉండిపోతే, లేదా ఆగకుండా అరుస్తుంటే, అక్కడితో ఆగి నాలుగడుగులు వెనక్కి వెయ్యి. గూడు దగ్గర ఇంకా ముందే ఆగాలి. తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి, ఎండలోనైతే ఉడికిపోతాయి. నువ్వు తొక్కిన గడ్డి పిల్లులకు దారి చూపిస్తుంది. ఈకలొచ్చిన పిల్ల నేల మీద కనబడితే ఇంటికి తేకు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది.

తిరిగొచ్చాక ఆ కాగితాలు ఫొటో తీసి పంపు. పేరు తేలనివి ముందు పెట్టు.

మామయ్య